క్రిస్మస్ వంటలో పశువుల వాటా



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. గుమ్మం పక్కన పాక కట్టి, గడ్డి పరిచి, ఆవు బొమ్మను, గాడిద బొమ్మను, గొర్రెల్ని నిలబెడతాం. మధ్యలో తొట్టి. లూకా సువార్త 2వ అధ్యాయంలో ఉన్నది ఊయల కాదు, పశువులు మేత తినే తొట్టి. (లూకా ఆవునీ గాడిదనీ ఎక్కడా పేర్కొనలేదు. తొట్టి ఉంది కాబట్టి అక్కడ పశువులు ఉండేవని మనం అనుకుంటాం, అంతే.) 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు క్రిస్మస్ రాత్రి గడ్డి పరిచి, నిజం ఎద్దును, నిజం గాడిదను తెచ్చి నిలబెట్టారు. పండుగ రోజున ఎద్దులకు, గాడిదలకు మామూలుకన్నా ఎక్కువ మేత పెట్టాలని ఆయన కోరేవారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. పాక కట్టడం మన దాకా వచ్చింది గానీ ఆ మేత మాట రాలేదు.

మన పెద్దలకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కర్లేకపోయింది. పాడి ఉన్న ప్రతి ఇంటి పెరట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, కాస్త తవుడు అందులో చేరేవి. అంటే మనం కంచం ముందు కూర్చోకముందే గేదె వాటా పక్కకు వెళ్లిపోయేది. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం పోయింది, పాడి ఉన్న ఇళ్లూ తగ్గాయి. దానికి ఎవర్నీ అనలేం. కానీ మిగిలిన కూరనూ అన్నాన్నీ పాలిథిన్ కవర్లో ముడివేసి రోడ్డు వారకు విసిరేస్తున్నామే, దాన్ని మాత్రం అనాల్సిందే. ఆవుకు ముడి విప్పడం రాదు. వాసనకు కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. పొట్టలో పేరుకుపోయి పశువు మేత మానేస్తుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతలు 12:10 చెబుతోంది. ఊళ్లో తిరిగే పశువు మనది కాదు కదా అంటారేమో. కవరు మనదే కదా!

ఇంటి వంట తగ్గినకొద్దీ ఈ కవర్లు పెరిగాయన్నది మా అభిప్రాయం. డబ్బాలో బిర్యానీ, కవర్లో షేర్వా, ఇంకో కవర్లో పెరుగుపచ్చడి, పైన ప్లాస్టిక్ చెంచా. పిండివంటలు కూడా కిలోల లెక్కన కొనుక్కొచ్చే రోజులొచ్చాయి. ఓపిక లేనివాళ్లను, ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లను మేం ఏమీ అనడం లేదు. కానీ అరిసెల సంగతి చూడండి. బియ్యం నానబెట్టాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఇంకొకరు చెక్కల మధ్య నూనె నొక్కాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. అందుకే పక్కింటి వదిన వస్తుంది. ఆవిడ మన మందిరానికి రాకపోయినా వస్తుంది. మూడు వారాలు తిరగ్గానే సంక్రాంతికి మనవాళ్లు ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుంటారు. ఎన్ని కరపత్రాలు పంచినా ఆ చనువు రాదు. గులాబీ పువ్వులకు అచ్చు కాల్చి పిండిలో ముంచడం పిల్లలకు ఎంత సరదానో మీకు తెలిసిందే.

ఇక కుక్కలు. బైబిల్లో కుక్కల గురించి మంచి మాట లేదు కదా అని కొందరు విశ్వాసులు అంటుంటారు. మత్తయి 15లో కనాను స్త్రీని గుర్తు చేసుకోండి. బల్ల ఉన్న చోట ముక్కలు రాలతాయి, వాటిని కుక్కపిల్లలు తింటాయి అన్నది ఆమె వాదన. ఆ మాటకే ప్రభువు ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు. అయితే పెట్టేది తెలిసి పెట్టాలి. ఎండుద్రాక్ష వేసిన కేకు, చాక్లెట్, ఉల్లిపాయ మసాలా కుక్కలకు మంచివి కావు. ఉడికిన కోడి ఎముకలు విరిగి పుల్లల్లా గుచ్చుకుంటాయి. చప్పటి అన్నంలో కాస్త మజ్జిగ కలిపి పెడితే చాలు. గేదె ఉన్నవాళ్లకు కూడా ఒక మాట: విందులో మిగిలిన అన్నమంతా ఒక్కసారే తొట్టిలో కుమ్మరించవద్దు. కడుపులో పులిసి ఉబ్బరం వస్తుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

మనుషులకే కడుపు నిండటం లేదు, పశువుల గొడవ ఎందుకని అడిగేవారున్నారు. మనుషులే ముందు, అందులో అనుమానం లేదు. ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ ఇంటికి గిన్నె వెళ్లాకే మన బల్ల. కానీ తొక్కలూ గంజీ ఏ మనిషి నోటి నుంచీ లాక్కున్నవి కావు కదా.

ఈ సంవత్సరం ప్రేమవిందుకు బయటి నుంచి డబ్బాలు తెప్పించడం లేదు. మందిరం ఆవరణలోనే వండుతాం, అడ్డాకు విస్తళ్లలో వడ్డిస్తాం. తొక్కలకు ఒక డ్రమ్ము, ఎముకలకు గొయ్యి. ఆరాధన జరుగుతుంటే పొయ్యి దగ్గర ఆడవాళ్లే మిగిలిపోవడం మాకు ఇష్టం లేదు. కాబట్టి 24 సాయంత్రం కూరగాయలు తరిగే పని, 25 తెల్లవారుజామున వంట పని మగవాళ్లది. ఎవరి కత్తిపీట వాళ్లు తెచ్చుకోండి, మందిరంలో ఉన్నవి రెండే.