ఇంటింటా ఇంజనీరింగు: సగం సరి, సగం చెత్త

కిందటి నెల ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్ గురించి రాస్తే సోదరీమణులు మెచ్చుకున్నారు. ఈ నెల విషయం వారికి కాస్త విసుగు పుట్టించవచ్చు. మధ్యలో గెలల లారీ ఒకటి వస్తుంది గనుక ఓపిక పట్టవలసిందిగా మనవి.

బటాంగ్ బెర్జుంటైకి 2007లో బెస్తారి జయ అని పేరు మార్చారు. మన పాతవాళ్ళ నోట మాత్రం ఇంకా పాత పేరే. ఆ దగ్గర్లో ఒక పామాయిల్ మిల్లులో మా మేనల్లుడు టెక్నీషియన్. అక్కడి లారీ కాటా బరువు చూపించే పెట్టె 1980లనాటిది. దాని తెలివంతా 2716 అనే ఒక్క ఈప్రామ్ చిప్పులో ఉంది, మొత్తం 2048 బైట్లు. పెట్టె చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఇటీవల అది పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పనిచేసి, మధ్యాహ్నానికి తిక్క అంకెలు చూపడం మొదలుపెట్టింది.

ఈప్రామ్‌లో సమాచారమంటే లోపల బంధించి ఉంచిన విద్యుదావేశమే. ఏళ్ళు గడిచేకొద్దీ అది కొద్దికొద్దిగా కారిపోతుంది. చిప్పు పైన ఉండే గాజు కిటికీ మీది కాగితం ఊడిపోయి ఎండ తగిలిందా, ఇంకా త్వరగా పోతుంది. చుట్టుపక్కల చిన్న రైతులు గెలలు అమ్ముకునేది ఆ కాటా మీదే. కోసిన గెల ఇరవైనాలుగు గంటల్లోగా మిల్లుకు పడకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, ధర తగ్గుతుంది. కొత్త పెట్టె రావాలంటే వారాలు పడుతుంది.

"మామయ్యా, మీ పాత ప్రోగ్రామరు ఇంకా ఉందా?" అని ఫోను చేశాడు.

ఉంది. డేటా ఐఓ వారిది. పాత సామాన్లవాడికి వేసేయమని వాళ్ళ అత్తయ్య పదిహేనేళ్ళుగా పోరుతున్నా నేను వినలేదు. ఆ ఆదివారం నాకు కొంచెం మర్యాద పెరిగింది.

చిప్పు బిగించి, యంత్రం మీది మీటలతోనే చదివించి, సీరియల్ తీగ గుండా వాడి లాప్‌టాప్‌కి పంపించాం. తెర మీద సగం అంకెలు, సగం పిచ్చి గుర్తులు. "సగం బైట్లు పోయాయి మామయ్యా, మేనేజరుకి చెప్పేస్తాను" అని ఫోను తీశాడు.

ఆగమన్నాను. వచ్చినవాటిలో 0, 3, 5, 6, 9 శుభ్రంగా ఉన్నాయి. 1, 2, 4, 7, 8 ఒక్కటీ లేదు. చావబోయే చిప్పు ఇంత పద్ధతిగా చావదు!

సంగతి ఇది. యంత్రం ఒక్కో అక్షరాన్ని ఏడు బిట్లుగా పంపి, ఎనిమిదో చోట ఈవెన్ పారిటీ బిట్టు చేరుస్తోంది, అంటే మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేట్టు. లాప్‌టాప్ మాత్రం ఎనిమిది బిట్లూ అక్షరమే అనుకుంటోంది. 3 అనే గుర్తులో ఒకట్లు నాలుగు, కనుక పారిటీ సున్నా, అక్షరం చెడదు. 1 గుర్తులో మూడు, పారిటీ ఒకటవుతుంది, గుర్తు మారిపోతుంది. బాడ్ రేటు తప్పితే దాదాపు అన్నీ చెత్తే. పారిటీ తప్పితే సగం చెత్త. పాత మోడెములు, ప్రింటర్లు దాచుకున్న మిత్రులు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

లాప్‌టాప్‌ని 9600, ఏడు బిట్లు, ఈవెన్, ఒక స్టాప్ బిట్టుకి మార్చాం. ఇక యంత్రాన్ని రిమోట్‌లో పెట్టి టెర్మినల్ నుంచే నడిపించాం. 83 కొట్టి ఏ కొడితే ఇంటెల్ హెక్స్ పద్ధతి. ఎల్ అంటే చిప్పు నుంచి మెమరీలోకి. ఎస్ అంటే మొత్తం కూడిక. ఓ అంటే తీగ మీదికి. ఆజ్ఞ నెరవేరితే > వస్తుంది, అర్థం కాకపోతే ? వస్తుంది. పాత సెట్టింగులతోనే ఉండి ఉంటే ఆ > కూడా చెత్తగానే కనిపించేది. ? మాత్రం చక్కగా వచ్చేది. అంటే విజయం వికారంగా, తప్పు అందంగా!

2048 బైట్లు హెక్స్‌లో 128 వరుసలు, పైన ముగింపు వరుస ఒకటి. ఆరు క్షణాల్లో వచ్చేశాయి. ప్రతి వరుస చివర కూడిక సరిచూసే రెండంకెలుంటాయి. అన్నీ సరిపోయాయి. కాని వరుస కూడిక తీగ మీద తప్పు జరగలేదనే చెబుతుంది గాని, చిప్పు నిజం చెప్పిందని చెప్పదు. అందుకని ఏసీ గదిలో మూడుసార్లు చదివించాం. మూడుసార్లూ ఎస్ జవాబు ఒకటే. హాల్లో ఉక్కలో గంటసేపు ఉంచి చదివిస్తే వేరే వచ్చింది. చల్లని ప్రతినే నమ్మాం.

వేరే 2716ని అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు చెరిపి, రాయించాం. బైటుకి 50 మిల్లీ సెకన్ల చొప్పున వంద సెకన్లు పట్టింది. ఆ మూడు నిమిషాల పనికి మూడు గంటల వాదన.

కాటా వెంటనే వాడలేదు. తనిఖీవారు వచ్చి, తూకపురాళ్ళు పెట్టి చూసి, మళ్ళీ ముద్ర వేశాకే మొదటి లారీ ఎక్కింది. పాత చిప్పు కిటికీకి నల్ల టేపు అంటించి డబ్బాలో దాచాను. 9600, ఏడు, ఈవెన్, ఒకటి అని మావాడు కాగితం మీద రాసి ప్రోగ్రామరు మూత లోపల అంటించాడు.