కరెంటు విలువ తెలిసినోళ్లే చిప్ గీయాలి



దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డుల మీద ఎక్కువగా కనిపించేది జావా, పైథానే. ఎల్బీనగర్ హాస్టల్‌లో ఉండే మేం అనేది ఒకటే: మనలో కొందరైనా చిప్ డిజైన్‌కు పోవాలి.

ఫోన్ ప్రాసెసర్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు ఉంటాయి. చిన్న పని చిన్న కోర్‌కిస్తే ఛార్జింగ్ మిగులుతుంది. బిందెడు నీళ్లకు ట్యాంకర్ తెప్పించుకోం కదా!

2010లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన రిస్క్-ఫైవ్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌కు లైసెన్సు ఫీజు లేదు. పనికి కావాల్సినంతే పెట్టుకుని, కరెంటు తక్కువ తినే చిప్ గీయొచ్చు. ఐఐటీ మద్రాస్ 'శక్తి' ప్రాసెసర్లు దానిమీద చేసినవే.

కరెంటు పోతే ఛార్జింగ్ పొదుపుగా వాడుకున్న తండా, గూడెం పిల్లలం మనం. ఈసీఈ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సిమ్యులేటర్లు ఫ్రీగా దొరుకుతాయి. ఈ సెమిస్టరే మొదలుపెడదాం.