మయ్యత్‌కు అందరూ హాజర్, జిందా మనిషికి ఎవరు?



మా డోంగ్లీ వైపు ఒక ఇంట్లో ఇంతెఖాల్ అయిన రోజు చూడండి. ఫజర్‌కు ఖబర్ తెలిస్తే పొద్దెక్కేలోపు సగం పని అయిపోతుంది. పార పట్టుకుని ఖబరస్తాన్‌కు పోయేవాళ్లు పోతారు. కఫన్ కోసం ఒకరు మద్నూర్‌కు బండి తీస్తారు. గుస్ల్ ఎవరు ఇస్తారో ఊరంతా తెలుసు. ఆడ మయ్యత్ అయితే ఏ ఖాలాను పిలవాలో పిల్లలకు కూడా తెలుసు. మస్జిద్ నుంచి డోలా వస్తుంది, పక్కింటి నుంచి ఖానా వస్తుంది. ఎవరూ మీటింగ్ పెట్టరు. ఎవరూ ఫొటో దిగరు. ఎవరికీ శాలువా కప్పరు.

ఇప్పుడు అదే ఇంటిని నాలుగు నెలల ముందు చూడండి. అదే మనిషి డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు నిజామాబాద్ పోవాలి. ఆయన బీవీ ఒక చేత్తో ఆయన్ని, ఇంకో చేత్తో ఫైలును పట్టుకుని బస్సు కోసం నిలబడేది. రోడ్డు మీద పోయేవాళ్లు సలాం చెప్పి పోయేవాళ్లు, నాతో సహా. ఒక్కరం తోడు పోలేదు. ఆయన జనాజాకు మాత్రం మేమంతా హాజర్. భుజం కలపడానికి తోసుకున్నాం.

ఈ మాట రాస్తుంటే నాకు షరమ్‌గా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఒక్క డోంగ్లీ కథ కాదు. మన కౌమ్‌లో వాలంటీర్లు లేరనే మాట అబద్ధం. మన దగ్గర మయ్యత్ కోసం తరతరాలుగా చెక్కుచెదరని నిజామ్ ఉంది. జిందా మనిషి కోసం లేదు. అక్కడ లోపించింది జజ్బా కాదు, ఇంతెజామ్.

జనాజా ఫర్జె కిఫాయా కదా, అందుకే వస్తారు అంటారు మీరు. కొందరు చేస్తే అందరి మీది నుంచి దిగిపోతుంది, ఎవరూ చేయకపోతే బస్తీ అంతా గునహ్‌గార్. బరాబర్. కానీ ఇమామ్ గజాలీ తన ఎహ్యా ఉలూముద్దీన్‌లో ఫర్జె కిఫాయా గురించి చెబుతూ ఉదాహరణగా ఇచ్చింది వైద్యాన్ని, లెక్కలను. అంటే మరీజ్‌కు ఇలాజ్ చూసేవాడు, హిసాబ్ తెలిసినవాడు ఊళ్లో లేకపోయినా జవాబు మనమే చెప్పుకోవాలి. ఈ రెండూ మన కమిటీలకు గుర్తుండవు. ముఖ్యంగా రెండోది.

2025 ఆగస్టు 27, 28 తేదీలను మన జిల్లా మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డిలో జీఆర్ కాలనీ మునిగింది. వార్త రాయడానికి పోయినప్పుడు ఒక సంస్థ రేషన్ కిట్లు పంచుతుంటే చూశాను. సంస్థ పేరు రాయను. నౌజవాన్లు చాలామంది వచ్చారు, పిలవకుండానే వచ్చారు. కానీ ఎవరు ఎటు పోవాలో చెప్పేవాళ్లు లేరు. ముగ్గురి చేతుల్లో మూడు లిస్టులు. ఒక గల్లీకి రెండుసార్లు కిట్లు అందాయి, వెనక గల్లీకి ఒక్కటీ అందలేదు. బురదలో గాజుపెంకు గుచ్చుకుని ఒక పిల్లవాడి పాదం తెగింది. కుట్లు వేయించుకున్న ఖర్చు వాడే పెట్టుకున్నాడు. బ్యానర్ ఖర్చు మాత్రం చందాలోంచి పోయింది.

నెల తర్వాత ఆ సంస్థ సదర్ సాబ్ నాతో అన్నారు: "క్యా బోలూఁ భాయ్, ఇప్పటి పోరగాళ్లల్ల జజ్బా లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు." నేను అడిగాను: "ఆ పిల్లవాడి కాలు ఎట్లుంది సదర్ సాబ్?" ఏ పిల్లవాడు అన్నారాయన.

జవాబు అక్కడే దొరికింది. వాడు ఫోన్ ఎందుకు ఎత్తాలి?

మన తాతలకు గడీల ముందు వెట్టి తెలుసు, బేగార్ తెలుసు. పేరు అడగకుండా పని చేయించుకోవడం, దెబ్బ తగిలితే మొహం తిప్పుకోవడం, మరునాడు మళ్లీ కబురు పంపడం. ఖిద్మత్ అనే పాక్ లఫ్జ్ వెనక మనం నడుపుతున్నది చాలాసార్లు అదే. జల్సాకు దరీలు పరచడానికి నౌజవాన్లు కావాలి, ఇఫ్తార్‌కు ప్లేట్లు ఎత్తడానికి నౌజవాన్లు కావాలి. మష్వరాకు కూర్చున్నప్పుడు మాత్రం వాళ్లు చిన్నపిల్లలు.

సర్కార్లు కూడా ఈ లఫ్జ్‌ను కరాబ్ చేశాయి. ఉర్దూ మీడియం బడుల్లో టీచర్ పోస్టులు నింపకుండా విద్యా వాలంటీర్ అని పేరు పెట్టి నెలకు 12,000తో పాఠాలు చెప్పించారు. కరోనా రాగానే రెన్యువల్ లేదన్నారు. నేను చదివింది ఉర్దూ మీడియంలోనే, ఆ బడుల హాలత్ నాకు తెలుసు. ఆంధ్రాలో 2019లో నెలకు 5,000 ఇచ్చి గ్రామ వాలంటీర్లను పెట్టారు. అది సియాసత్‌లో నలిగి ఆగిపోయింది. కానీ అందులో ఒక మాట మనం నేర్చుకోవాల్సింది ఉంది: ఒక్కొక్కరికి 50 ఇళ్లు. ఫలానా ఇంటికి ఫలానా మనిషి. మయ్యత్ నిజామ్ రహస్యం కూడా అదే. పనికి పేరు ఉంది, పేరుకు మనిషి ఉన్నాడు.

మనకు హీరోలు కావాలి, నిజామ్ వద్దు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద చిక్కుకున్న తొమ్మిది మందిని సుభాన్ ఖాన్ జేసీబీ తీసుకుపోయి కాపాడాడు. ఆయనకు నా సలాం. కానీ మన వాట్సాప్ గ్రూపులు ఆ వీడియో పంపి, దిల్ బొమ్మలు పెట్టి, అక్కడితో తమ ఫర్జ్ అదా అయిందనుకున్నాయి. మీ ఊళ్లో జేసీబీ ఎవరికి ఉంది, ఈత ఎవరికి వచ్చు, రాత్రి రెండు గంటలకు ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి అని ఒక్క గ్రూపు అయినా రాసి పెట్టుకుందా? మంజీర మన పక్కనే పారుతోంది.

చేసేవాళ్లు లేక కాదు. హైదరాబాద్‌లో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మఖ్సూసీ 2012 నుంచి ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్నారు. రోజూ అదే జాగా, మధ్యాహ్నం అదే వేళ. అందుకే అది నిలబడింది. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ సర్కారీ దవాఖానాల్లో హెల్ప్ డెస్కులు నడిపింది. నవాబ్ సాహెబ్ కుంటలో మస్జిద్-ఎ-ఇస్‌హాఖ్ ఆవరణలోనే అన్ని మజహబ్‌ల వాళ్లకూ క్లినిక్ తెరిచింది.

అంత దూరం కూడా వద్దు. దెగ్లూర్ దాటి నాందేడ్ పోయి గురుద్వారాలో లంగర్ చూడండి. లోపలికి పోయేముందు మీ చెప్పులు తీసి లోపల పెట్టే మనిషి పెద్ద వ్యాపారి అయి ఉండొచ్చు. రొట్టెలు చేసేవాళ్లు వేరు, గిన్నెలు తోమేవాళ్లు వేరు, ఎవరి పని వాళ్లకు తెలుసు. కొత్తగా వచ్చినవాడు పాతవాడి పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. మన కమిటీల్లో చెప్పుల దగ్గర కూర్చునే సదర్ సాబ్‌ను చూపించండి, నేను ఈ రాతంతా వాపసు తీసుకుంటాను.

ఏం చేయాలి? లక్షల చందా అవసరం లేదు. నోట్‌బుక్ ఒకటి చాలు. మహల్లాలో ప్రతి ఒక్కరి పేరు, ఏం వచ్చు, వారంలో ఏ రెండు గంటలు ఇవ్వగలరు, అంతే రాయండి. ఒకరు దవాఖానాకు తోడు పోతారు. ఇంకొకరు పెన్షన్, షాదీ ముబారక్ దరఖాస్తులు నింపుతారు. ఈ రోజు ఆ కాగితాలకే గరీబ్ ఇంటివాళ్లు దళారీకి డబ్బులు పోస్తున్నారు. మా సరిహద్దులో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ నాలుగూ కలిసి బతుకుతాయి. దవాఖానా చిట్టీ చదివి చెప్పగలిగే పిల్ల కూడా పెద్ద ఖజానానే.

కొత్తవాడిని మొదటి రోజే ఒంటరిగా పంపకండి. మూడు నెలలకని పని ఇవ్వండి, తర్వాత ఇజ్జత్‌గా వెళ్లిపోయే హక్కు కూడా ఇవ్వండి. వెళ్లే దారి ఉన్నవాడే తిరిగి వస్తాడు. పెట్రోల్, ఆటో కిరాయి చందాలోంచి ఇవ్వండి. "అల్లా కే వాస్తే చేసే పనికి పైసలేంది?" అంటారు మోతబర్లు. భాయ్, సవాబ్ ఇచ్చేది అల్లా. ఆటో కిరాయి ఇవ్వాల్సింది కమిటీ. రెండింటినీ కలపకండి. నెలకోసారి హిసాబ్ మస్జిద్ నోటీస్ బోర్డు మీద అంటించండి. దుబాయ్‌లో ఎండలో కష్టపడి పంపిన వాడి చందా అది, అమానత్.

కెమెరా ఇంట్లో పెట్టి రండి. ఆటా బస్తా తీసుకుంటున్న బేవా మొహం మీ స్టేటస్‌లో ఎందుకు? అది ఖిద్మత్ కాదు, రియా.

ఇంకో మాట, చేదుగా ఉన్నా వినండి. మన సంస్థల లిస్టుల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కడ? గుస్ల్ ఇచ్చే ఖాలా లేకపోతే ఆడ మయ్యత్ లేవదని అందరికీ తెలుసు. మరి కాన్పుకు తోడు పోవాల్సింది ఎవరు, బేవా ఇంటికి పోయి హాల్ అడగగలిగేది ఎవరు? వాళ్లను అడగకుండా మగవాళ్లు పదిమంది కూర్చుని వేసే ప్లాన్ సగం మహల్లాను చూడదు.

ఈ మధ్య బస్సు దగ్గర మళ్లీ అలాంటి బహన్ ఒకరు కనిపించారు. చేతిలో ఫైలు, పక్కన ముసలి అబ్బా. నేను బండి ఆపాను. ఆపినందుకు నాకు శభాష్ అక్కర్లేదు, ఎందుకంటే ఆ రోజు నాకు ఖాళీ ఉంది కాబట్టి ఆపాను. రేపు ఉండకపోవచ్చు. ఆ ఇల్లు నా ఖాళీ మీద ఆధారపడకూడదు. రేపు ఎవరి వంతో రాసిన కాగితం మస్జిద్ గోడ మీద ఉండాలి.

మయ్యత్‌కు ఎవరు ఏం చేయాలో మనకు నోటికి వచ్చు. మీ మహల్లాలో రేపు పొద్దున దవాఖానాకు పోవాల్సిన మనిషి ఎవరు, ఆయనకు తోడు పోయేది ఎవరు? ఈ జుమ్మా తర్వాత లేచి వెళ్లేముందు ఆ రెండు పేర్లు ఒక కాగితం మీద రాయండి. రాయలేకపోతే సదర్ సాబ్‌ను అడగండి. ఆయనకూ తెలియకపోతే, ఆ కుర్సీ దేనికో కూడా అడగండి.