మకాం పెనార్త్‌లో, తిరుగుడు కార్డిఫ్ చుట్టూ

అమ్మానాన్నలు యూకే వస్తున్నారనగానే మనవాళ్లు చేసే మొదటి పని ఎక్సెల్ షీట్ తెరవడం. లండన్‌లో రెండు రాత్రులు, ఎడిన్‌బరాలో రెండు, మధ్యలో ఇంకెక్కడో ఒకటి. షీట్‌లో అంతా బాగానే ఉంటుంది. అరవై దాటినవాళ్లు రోజు విడిచి రోజు సూట్‌కేసులు సర్దుకోవడం, పొద్దున్నే రూమ్ ఖాళీ చేసి కొత్త రూమ్ కోసం మధ్యాహ్నం దాకా లాబీలో కూర్చోవడం మాత్రం ఏ గడిలోనూ కనిపించవు. అందుకే మావాళ్లు వచ్చినప్పుడు వేల్స్‌కి ఒక్కటే మకాం పెట్టాం. ఎనిమిది రాత్రులూ పెనార్త్‌లోనే.

కార్డిఫ్ పక్కనే, సముద్రం ఒడ్డున గట్టు మీద ఉంటుందీ ఊరు. 1865లో ఇక్కడ డాక్ తెరిచారు. లోయల్లో తవ్విన బొగ్గు ఇక్కడే ఓడలెక్కేది. ఇప్పుడా బొగ్గూ లేదు, ఆ సందడీ లేదు. ఉన్నవి ఇళ్లు, పార్కులు, పాత పియర్. చీకటి పడితే వీధులు సద్దుమణుగుతాయి. చూడటానికి వచ్చినవాళ్లకి ఇది లోపం అనిపించొచ్చు గానీ, మకాంకి కావాల్సింది ఇదే. పగలు ఎలాగూ బయటే తిరుగుతాం. ఊరిని ఎంచుకోవాల్సింది సాయంత్రాల కోసం.

రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో కార్డిఫ్ సెంట్రల్. అక్కడి నుంచి ఇంకో ఇరవై నిమిషాల రైలు ప్రయాణంలో కేర్‌ఫిలీ కోట. వేల్స్‌లోకెల్లా పెద్ద కోట అదే. అయితే ఒక్క రోజే ఉంటే నేను సెయింట్ ఫాగన్స్ మ్యూజియానికి ఓటేస్తాను. కార్డిఫ్ నుంచి బస్సుంది, ప్రవేశం ఉచితం. వేల్స్ నలుమూలల నుంచి పాత కట్టడాలను విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. అందులో మెర్థిర్ టిడ్‌ఫిల్ నుంచి తెచ్చిన ఆరు కార్మికుల ఇళ్ల వరుస ఒకటి. ఒక్కో ఇల్లు ఒక్కో కాలంలో ఎలా ఉండేదో అలా సర్దారు. మొదటిది 1805, చివరిది 1985. సింగరేణిలో పనిచేసి రిటైరైన నాన్న ఆ వరుస ముందు ఆగి, "మన లైను ఇళ్లే కదరా" అన్నారు. కోటలో పావుగంటకే కుర్చీ వెతుక్కున్న మనిషి అక్కడ గంటన్నర ఉన్నారు.

నాలుగో రోజు అమ్మ "మోకాళ్లు లాగుతున్నాయి, మీరెళ్లండి" అంది. ఊళ్లు మారుతూ తిరిగే టూర్‌లో ఈ మాట అంటే ప్లానంతా పోతుంది, అందుకే చాలామంది అమ్మలు అనకుండా నొప్పి ఓర్చుకుంటారు. ఇక్కడ అనగలిగింది. పప్పు వండుకుంది, పడుకుంది, సాయంత్రం పార్కులో కూర్చుంది. మేం వచ్చేసరికి కుక్కని తిప్పే ఒక పెద్దావిడతో మాటలు కూడా కలిపింది.

జాగ్రత్తలు కొన్ని. పియర్ కింద ఉంటుంది, తిరిగి రావడం ఎక్కుడు. బీచ్ అంతా గులకరాళ్లే. ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటలే తెరిచి ఉంటాయి, పాలూ కూరగాయలూ శనివారమే తెచ్చుకోండి. మోకాళ్లు బాగున్నవాళ్లు దక్షిణాన లావెర్నాక్ దాకా నడవొచ్చు. 1897 మే 13న మార్కోనీ సముద్రం మీదుగా తొలి వైర్‌లెస్ సందేశం అందుకున్నది అక్కడే. పంపింది ఎదురుగా కనిపించే ఫ్లాట్ హోమ్ దీవి నుంచి.

చివరిగా, బస సంగతి. వేల్స్‌లో సెకండ్ హోమ్‌లు ఎక్కువై స్థానికులకి ఇళ్లు దొరకని ఊళ్లున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి ఇళ్ల మీద 300 శాతం వరకు అదనపు కౌన్సిల్ ట్యాక్స్ వేసే అధికారం కౌన్సిళ్లకి ఇచ్చారు. మనకి నచ్చిన ఆ ప్రశాంతత అక్కడ కాపురాలున్నాయి కాబట్టే ఉంది. అందుకని ఇల్లు మొత్తం తీసుకోకుండా, ఓనర్లు ఉంటున్న ఇంట్లోనే వంటింటి వసతి ఉన్న గదులు చూడండి. మేం తీసుకున్నదీ అలాంటిదే. తాలింపు పెట్టొచ్చా అని మాత్రం ముందే అడగండి.