పసికందుకు పసిరికలు: ఆసుపత్రి కాన్పుతోనే బాధ్యత తీరదు

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. సంతోషించదగ్గ విషయమే. అయితే అదే సర్వేలోని మరో రెండు అంకెల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న బిడ్డలు నూటికి 37 మందే. డాక్టరు, నర్సు ఎదుటే పుట్టిన బిడ్డకు ముర్రుపాలు వేళకు అందడం లేదంటే లోపం ఎక్కడుందో మనం ఆలోచించాలి.

గోదావరిఖని, రామగుండం బొగ్గు ప్రాంతంలో వైద్య సదుపాయమే లేదని ఎవరూ అనలేరు. సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2022 నవంబరులో రామగుండం వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. కానీ మామూలు కాన్పయితే తల్లీబిడ్డలను సాధారణంగా రెండు రోజులకే ఇంటికి పంపుతారు. బిడ్డ ఒంట్లో పసుపు హెచ్చేది మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య. అంటే చూడవలసిన రోజుల్లో బిడ్డ డాక్టరు కళ్లెదుట ఉండదు.

నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా ఈ పసిరికలు కనిపిస్తాయి. చాలామందికి రెండు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని పసికందు కాలేయం ఇంకా పూర్తిగా వదిలించుకోలేదు. అది మలంతో బయటికి పోవాలి. పాలు చాలకపోతే మలం సరిగా రాదు, ఆ పసుపు పేగుల నుంచి తిరిగి రక్తంలో చేరుతుంది. పసుపు పెరిగిన బిడ్డ మగతగా ఉంటుంది, రొమ్ము పట్టదు. పాలు ఇంకా తగ్గుతాయి. బిడ్డ బుద్ధిగా పడుకుందని, లేపవద్దని నానీలు, దాదీలు మురిసిపోయేది సరిగ్గా ఈ ఘడియలోనే! లేపాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలి.

ఆపరేషన్ అయిన తల్లి లేవలేని స్థితిలో ఉంటే మన ఇళ్లలో వెంటనే తేనె, ఘుట్టీ, చక్కెర నీళ్లు ముందుకొస్తాయి. ఖర్జూరంతో చేసే తహ్నీక్ దైవప్రవక్త (స) సంప్రదాయమే. అయితే అది అంగిటికి రవ్వంత తీపి రాయడం, కడుపు నింపడం కాదు. దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలో పూర్తి రెండేళ్ల పాలకాలం గురించి చెప్పింది తల్లిపాల విషయంలోనే. ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదని వైద్యులు గట్టిగా చెబుతున్నారు.

చిల్లా రోజుల్లో గదికి పరదాలు కట్టి, గుడ్డి వెలుతురులో బిడ్డను ఉంచుతాం. ఆ వెలుతురులో పసుపు తెలియదు. పగటి వెలుగులో నుదుటి మీద, రొమ్ము మీద వేలితో మెల్లగా నొక్కి చూడాలి. పసుపు అరికాళ్లకు, అరచేతులకు దిగినా, పుట్టిన 24 గంటల్లోపే కనిపించినా, బిడ్డ పాలు మానేసినా ఆలస్యం చేయరాదు. మలం సున్నంలా తెల్లగా ఉంటే అది వేరే జబ్బు. రెండు నెలలు నిండకముందే ఆపరేషన్ అవసరం కావచ్చు. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ముందే డాక్టరుకు చెప్పాలి. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే లోపం ఉంటుంది. పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన పాత గుడ్డల్లో అలాంటి బిడ్డను చుడితే రక్తకణాలు విరిగి పసిరికలు ఒక్కసారిగా ముదురుతాయి.

ఎండ మాటేమిటని అడగవచ్చు. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఎండలో ఉంచిన బిడ్డలకు పసుపు తగ్గడం ఒక నర్సు గమనించింది. నేటి నీలి దీపాల చికిత్సకు మూలం అదే. కానీ దీపం కొలత ప్రకారం పనిచేస్తుంది, ఎండ చేయదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో బిడ్డను ఎండలో పెడితే ఉన్న నీరు కాస్తా ఇంకిపోతుంది. ఇక పసరు పోయడం, చేతికి వాత పెట్టించడం శుద్ధ దండగ. ముదిరిన పసుపు మెదడుకెక్కితే చెవుడు, అవయవాల వంకర జీవితాంతం మిగులుతాయి.

కాన్పు తర్వాత 3, 7, 14 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలని 2011 నుంచి నియమం ఉంది. ఆపరేషన్ అయితే ఏడో రోజు నుంచి. అమ్మాయి పురుడు పుట్టింట్లో, పేరు అత్తింటి ఊళ్లో ఉంటే ఆమె ఏ ఆశా లెక్కలోకి వస్తుంది? కాంట్రాక్టు కార్మికుల అద్దె గదులకు ఎవరు వెళుతున్నారు? ఆసుపత్రులు డిశ్చార్జి చీటీ మీదే మళ్లీ చూపించవలసిన తేదీ రాసివ్వాలని మేము కోరుతున్నాం. ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన పసికందుకు వైద్యం, మందులు, రవాణా ఉచితం. ఈ హక్కు కూడా 2011 నాటిదే.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో చాలా ఇళ్లలో మగవారే నిర్ణయిస్తారు. ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చేదాకా ఆగుదామని ఆడవాళ్లు కూర్చుంటారు. షిఫ్టుకు వెళ్లే తండ్రి చీటీ, ఆటో డబ్బులు భార్య చేతిలో పెట్టి, తన కోసం చూడవద్దని చెప్పి వెళ్లాలి.