బీదవాడి ఖర్చు మీద పెద్దమనుషుల తీర్పు

ఖర్చు గురించి తగాదా లేని ఇల్లు ఉండదు. కొత్త ఫోను కొనాలా, పాతదానితో సరిపెట్టుకోవాలా? ఫ్రిజ్జు వాయిదాల మీద తేవాలా, డబ్బు కూడేదాకా ఆగాలా? హోటలు బిర్యానీ తినాలా, ఇంటి పప్పుచారు చాలునా? ఈ వాదాలు రోజూ జరిగేవే. విమర్శ వ్యాసాల పత్రికలో వీటి ప్రసక్తి ఏమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ప్రసక్తి ఉంది. ఈ తగాదాలలో పదే పదే వినిపించే అవసరం, ఆడంబరం, దుబారా, పొదుపు అనే మాటలు నిఘంటువులో ఎంత అమాయకంగా కనిపించినా, మనిషి నోట పలికేసరికి ఏదో ఒక వర్గం పక్షాన నిలబడతాయి. ఎవరి పక్షాన మాట్లాడుతున్నామో తెలియకుండా ఈ మాటలు వాడేవాళ్ళలో అభ్యుదయవాదులమని చెప్పుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. నా విమర్శ ప్రధానంగా వాళ్ళ మీదనే.

మా కళాశాల అధ్యాపకుల గదిలో ఆ మధ్య జరిగిన చర్చ ఒకటి చెబుతాను. ఒక విద్యార్థి, కూలివాళ్ళ బిడ్డ, వాయిదాల మీద పదిహేను వేల రూపాయల ఫోను కొన్నాడు. “స్కాలర్‌షిప్పు రాలేదని దరఖాస్తు పెట్టుకుంటాడు, చేతిలో చూస్తే ఇంత ఫోను!” అన్నారొక సహాధ్యాపకులు. వామపక్ష సభలలో తరచు ఉపన్యసించే మరొకరు, “వినిమయ సంస్కృతి మన పిల్లల్ని మింగేస్తున్నది మాస్టారూ” అని వంతపాడారు. మొదటివారు అంతకు నెల ముందే అప్పు మీద కారు కొన్నారు. అందరమూ స్వీట్లు తిని అభినందించాం. రెండవవారి ఇంట్లో మనిషికొక ఫోను ఉంది. వాటి గురించి ఎవరూ ఎవరినీ సంజాయిషీ అడగలేదు. అధ్యాపకుడి కారు సౌకర్యం, కూలివాడి కొడుకు ఫోను దుబారా. ఈ విభజనకు ఆధారం వస్తువులో లేదు, ధరలో లేదు. కొన్నవాడి హోదాలో ఉంది.

ఇంతకూ ఆ ఫోను ఆడంబరమేనా? తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు “దోస్త్” అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఆధార్‌తో జతపడిన మొబైల్ నంబరు లేనివాడికి ఆ గుమ్మం దాటడమే కష్టం. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, ప్రభుత్వం పాఠాలను టీవీలకూ ఫోన్లకూ ఎక్కించింది. ఇంట్లో ఒక్క ఫోను ఉన్నచోట అది తండ్రి పనికి వెళ్ళేటప్పుడు జేబులో ఉండాలా, పిల్లవాడి పాఠానికి ఇంట్లో ఉండాలా అన్నది ఆ సంవత్సరం లక్షల కుటుంబాల సమస్య. నేడు పరీక్ష ఫీజు, హాల్ టికెట్టు, ఉపకార వేతనపు దరఖాస్తు, ఉద్యోగ ప్రకటన అన్నీ ఆ చిన్న అద్దం వెనకే ఉన్నాయి. మనమే తరగతి సమాచారం వాట్సాప్‌లో పెడతాం. పెట్టి, ఫోను ఎందుకు కొన్నావురా అని మనమే నిలదీస్తాం.

పనిచోట్లలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2021 మార్చి నుంచి అంగన్‌వాడీ కార్యకర్తలు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో వివరాలు ఎక్కించవలసి వచ్చింది. గ్రామీణ ఉపాధి హామీ పథకంలో 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును యాప్‌లో ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. సిగ్నలు అందక ఫొటో ఎక్కకపోతే మట్టి తవ్విన మనిషి తవ్వలేదని లెక్క. హైదరాబాదు వీధులలో ఇంటింటికీ తిండి చేరవేసే కుర్రవాణ్ణి చూడండి. ఫోను, బండి, పెట్రోలు అన్నీ అతనివే. పూర్వం మిల్లు యజమాని మగ్గం తానే కొని కార్మికుణ్ణి దాని ముందు నిలబెట్టేవాడు. ఇప్పటి కంపెనీ పనిముట్టు ఖర్చు కూడా కార్మికుడి నెత్తిన వేసి, అతనికి “భాగస్వామి” అని పేరు పెట్టింది. ఆ పనిముట్టుకు కట్టే వాయిదాను మన పెద్దమనుషులు వినిమయ వ్యామోహం అంటారు! పైగా 2020 ఏప్రిల్ నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఈ పన్ను పనిముట్టుగా కొన్నవాడికీ వినోదానికి కొన్నవాడికీ ఒకటే.

మనిషికి ఏది అవసరం అన్న ప్రశ్నను అర్థశాస్త్రం చాలా కాలం కిందటే ఎదుర్కొన్నది. పెట్టుబడిదారీ అర్థశాస్త్రానికి ఆదిపురుషుడైన ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన “జాతుల సంపద”లో నారబట్ట చొక్కా ఉదాహరణ ఇచ్చాడు. ప్రాచీన గ్రీకులూ రోమనులూ నారబట్ట లేకుండానే హాయిగా బ్రతికారు. అయినా తన కాలపు ఐరోపాలో ఆ చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి రోజుకూలి కూడా సిగ్గుపడతాడు, కనుక అది అవసరమే అని ఆయన వాదం. సుమారు తొంభయ్యేళ్ళ తరువాత, 1867లో, మార్క్సు “కాపిటల్” మొదటి సంపుటంలో ఈ సంగతిని ఇంకా లోతుకు తీసుకుపోయాడు. శ్రమశక్తి విలువలో చారిత్రకమైన, నైతికమైన అంశం ఒకటి ఉంటుందని ఆయన నిర్ధారించాడు. కార్మికుడికి ఏమేమి కావాలో ఒక్క కడుపే నిర్ణయించదు. దేశమూ, కాలమూ, ఆ వర్గం పోరాడి సాధించుకున్న స్థాయీ నిర్ణయిస్తాయి. కాపిటల్ చదివానని చెప్పుకునే మిత్రుడు కూలివాడి అవసరాలను గంజి దగ్గరే ఆపేస్తే, ఆయనకంటే స్మిత్తే నయమనవలసి వస్తుంది.

దీనికి రుజువు మన తెలుగులోనే ఉంది. “అప్పు చేసి పప్పు కూడు” అన్న సామెతను దుబారా మీద ఎత్తిపొడుపుగా అందరూ వాడతారు. ఆ సామెత పుట్టినప్పుడు పప్పు వేసుకుని అన్నం తినడం అప్పు చేస్తేగాని దక్కని భోగమన్నమాట! ఈనాడు హాస్టళ్ళలో రోజూ వడ్డించే నీళ్ళపప్పును చూసి ఎవరైనా భోగమంటారా? తెలంగాణలోనూ రాయలసీమలోనూ పేదల ఇళ్ళలో వరి అన్నం పండుగనాటి వంటకంగా ఉండిన రోజులు మన తాతలకు తెలుసు. తక్కిన రోజులలో జొన్నరొట్టె, సంగటి, గటక. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తే జనం సోమరులవుతారని వాపోయిన వాళ్ళున్నారు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషను మీద సన్నబియ్యం పంపిణీ మొదలుపెడితే, పేదలకు సన్నబియ్యం కూడానా అని పెదవి విరిచిన వాళ్ళూ ఉన్నారు. దొడ్డుబియ్యం పేదవాడికి దేవుడు రాసిపెట్టినట్టు! ఈలోగా పేదలు వదిలిన కొర్రలూ అరికెలూ “సిరిధాన్యాలు” అనే పేరుతో, బియ్యం కంటే ఎక్కువ ధరకు, అందమైన సంచులలో పెద్దల ఇళ్ళకు చేరాయి. పేదవాడు వరి తింటే వానికి ఆరోగ్యజ్ఞానం లేదంటారు. అవే కొర్రలు గతిలేక తిన్న కాలంలో వాణ్ణి నాగరికత లేనివాడన్నారు.

తిండి విషయంలో ఈ తీర్పులకు కులం కూడా తోడవుతుంది. 2014 నాటి కేంద్ర నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్ళు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అయినా మన భాషలో “శుద్ధ” అన్న విశేషణం దేనికి ముందు చేరుతుందో చూడండి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, వామపక్ష విద్యార్థులు తాము ఇంట్లో తినే పెద్దకూర నలుగురిలో తింటామంటే ఘర్షణలు జరిగాయి. 2021 డిసెంబరులో కర్ణాటక పాఠశాలల మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడితే కొందరు మఠాధిపతులు అడ్డుపడ్డారు. గుడ్డు వద్దన్న పిల్లలకు అరటిపండు ఇస్తామన్నా, పిల్లలలో అత్యధికులు గుడ్డే కోరుకున్నారు. 2023లో బొంబాయి ఐఐటీ భోజనశాలలో శాకాహారులకు వేరే బల్లలు కేటాయించారు. వ్యతిరేకించిన విద్యార్థికి పదివేల రూపాయల జరిమానా వేశారు. ఇక్కడ “వ్యక్తిగత ఆహారపుటలవాటు” అనే మాట కులపు పంక్తికి కొత్త తెర.

దీనికి ఎదురుగా మరొక వాదం యువకులలో బలపడుతున్నది. “ఎవరి డబ్బు వారిది, ఎవరి ఇష్టం వారిది, నా ఫోను గురించి, నా కంచం గురించి అడగడానికి నువ్వెవరివి?” అంటారు. పెద్దల ఉపదేశం విని విసిగినవారికి ఈ వాదం రుచిస్తుంది. ఇదీ సగం సత్యమే. ఇష్టానికి విలువ ఉండాలంటే ఎంచుకోవడానికి చేతిలో ఏదో ఉండాలి. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో అట్టడుగు 5 శాతం మంది నెలసరి తలసరి వ్యయం 1,373 రూపాయలు. నగరాలలో పైనున్న 5 శాతానిది 20,824 రూపాయలు. 2025–26లో తెలుగు రాష్ట్రాలలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఈ రెండు తరగతులకూ “ఇష్టం” అనే ఒకే మాట వాడితే ఆ మాటకు అర్థం మిగలదు. ఉపదేశకుడు పేదవాణ్ణి దోషిగా నిలబెడతాడు. ఇష్టవాది ఆ పేదవాణ్ణి స్వతంత్రుడని పొగిడి అతని కర్మకు వదిలేస్తాడు. కూలి రేటు ఇద్దరి చర్చలోకీ రాదు.

మన మిత్రుల వాదంలో బలమైన అంశాన్ని దాటవేయడం నాకు సమ్మతం కాదు. వ్యాపార ప్రకటనలు లేని కోరికలను పుట్టిస్తాయి. అప్పులో దిగిన కార్మికుడు సమ్మెకు జంకుతాడు అని వారంటారు. రెండూ నిజమే. నెల వాయిదా గుర్తుకువచ్చి ఊరేగింపుకు రానివాళ్ళను నేనూ ఎరుగుదును. అయితే దీనికి మందు పొదుపు మీద ఉపన్యాసమా? “సున్నా వడ్డీ వాయిదాలు” అనేవి లేనే లేవని, వడ్డీ మరొక రూపంలో దాగి ఉంటుందని 2013లోనే రిజర్వు బ్యాంకు తేల్చిచెప్పింది. అయినా నేటికీ ఆ మాయమాట దుకాణాల గోడల మీదా ఫోను తెరల మీదా వెలుగుతూనే ఉంది. ప్రకటన వేసినవాణ్ణి వదిలి దానిని నమ్మినవాణ్ణి తిట్టడం ఏ శాస్త్రం?

మన అనుభవం కూడా ఇదే చెబుతున్నది. సూక్ష్మరుణ కంపెనీల వేధింపులకు పల్లెలలో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటున్నప్పుడు, టీవీలకూ పెళ్ళిళ్ళకూ అప్పు చేశారని వాళ్ళనే ఆడిపోసుకున్న పెద్దలు లేకపోలేదు. ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు. పదేళ్ళు తిరిగేసరికి ఫోను యాప్‌ల అప్పులు వచ్చాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో ఆత్మహత్యల వార్తలు వచ్చిన తరువాతే పోలీసు అరెస్టులు జరిగాయి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల మార్గదర్శకాలు 2022 సెప్టెంబరులో గాని రాలేదు. ఆ మధ్యకాలంలో పొదుపు హితవుకు కొరత ఉందా? కావలసినంత ఉంది. కొరత వచ్చింది చట్టానికీ, చవక వడ్డీకి అప్పిచ్చే ప్రభుత్వ బ్యాంకుకూ.

ఇళ్ళలోనూ ఈ తీర్పు నడుస్తూనే ఉంటుంది. మగవాడి సిగరెట్టు, బండి, స్నేహితులతో హోటలు ఖర్చు లెక్కలోకి రావు. మిక్సీ కావాలని, వాషింగ్ మెషీన్ కావాలని భార్య అంటే “మా అమ్మ రోట్లో రుబ్బలేదా, చేత్తో ఉతకలేదా?” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ అమ్మ నడుము నొప్పిని ఎవరు లెక్కకట్టారు? స్త్రీ శ్రమను తగ్గించే యంత్రం విలాసమూ, పురుషుడి కాలక్షేపం అవసరమూ అయిన ఇంట్లో సామ్యవాదపు పుస్తకాలు ఎన్ని బీరువాలు నిండితే ఏం లాభం?

అంచేత ఈ తగాదాలను మానుకోమని నేననను. ప్రశ్న మార్చమంటాను. కూలివాడి బిడ్డ చేతిలో ఫోను కనబడినప్పుడు, అది లేకుండా అతని చదువు సాగనివ్వనిది ఎవరో, దాని మీద వడ్డీ ఎవరికి పోతున్నదో, కళాశాల గ్రంథాలయంలో నాలుగు కంప్యూటర్లు పనిచేస్తూ ఉంటే ఆ అప్పు తప్పేదో కాదో అడుగుదాం. వాడు బయట బిర్యానీకి వెళ్ళినప్పుడు హాస్టలు వంటశాలకు ప్రభుత్వం తలకెంత ఇస్తున్నదో, అది ఎన్ని నెలలుగా బకాయి ఉందో అడుగుదాం. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవాళ్ళు మన ఎదుట తలవంచుకుని నిలబడే విద్యార్థులు కారు. సచివాలయంలోనూ బ్యాంకులలోనూ కంపెనీల కార్యాలయాలలోనూ ఉన్నారు. వాళ్ళ దగ్గరకు పోవడానికి సంఘం కావాలి, వినతిపత్రం కావాలి, అవసరమైతే ధర్నా కావాలి. అధ్యాపకుల గదిలో కూర్చుని పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి మందలించడం కంటే అది కష్టమైన పనే. అయినా మన పని అదే.