నగల పెట్టె: పాత వెండి కరిగించే ముందు...



వెండి ధర పెరిగిన దగ్గర్నుంచి మా బీర్కూర్‌లో ఏ వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చున్నా ఒకటే ముచ్చట. "సందుగలో మా అత్తమ్మ కడియాలున్నయి, అమ్మేద్దామా?" అని. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. ఆ ఏడాది ముగిసేలోపు రెండు లక్షలు కూడా దాటేసింది. అంత ధర వింటే ఎవరి మనసైనా ఊగుతుంది మరి! అమ్మవద్దని నేను చెప్పను. ఎవరి అవసరం వాళ్లకు తెలుసు. కానీ అమ్మే ముందు మన చేతిలో ఉన్నదేమిటో మనకు తెలిసి ఉండాలా, వద్దా? దుకాణం గల్లా ముందు నిలబడి, అవతలివాళ్లు చెప్పిన లెక్కకల్లా తల ఊపి వచ్చేస్తే ఎలా?

మా వీధిలో ఒక పెద్దమ్మ ఈ మధ్య అదే చేసింది. నలభై తులాల కాళ్ల కడియాలు బస్సులో పట్టుకెళ్లి, ఒక దుకాణంలో ఇచ్చి, మనవరాలికి తళతళలాడే పట్టీలూ కొంత డబ్బూ తెచ్చుకుంది. తరుగు ఇంత, లక్క ఇంత, కల్తీ ఇంత అని వాళ్లు కోసిందెంతో ఆమెకు ఇప్పటికీ తెలియదు. రసీదు కూడా లేదు. పట్టీలు మాత్రం మూడు నెలలకే నల్లబడి, ఒక గజ్జె ఊడింది. ఆ కడియాలు పెద్దమ్మకు వాళ్ల నాయన పెళ్లిలో పెట్టినవి. ఇక అలాంటివి చేయించుకుందామన్నా ఆ అచ్చులూ లేవు, ఆ చేతులూ లేవు.

మన తెలంగాణ పల్లెల్లో ఆడదాని సొంత ఆస్తి అంటే వెండే. బంగారం లక్ష్మి కాబట్టి నడుము కింద పెట్టరు. కాళ్లకు కడియాలు, గొలుసులు, వేళ్లకు మెట్టెలు, పిల్లేళ్లు, జబ్బకు దండకడియం, మెడకు కంటె... అన్నీ వెండివే. బంగారం ఉన్న ఇళ్లు కొన్నే గాని, వెండి లేని ఇల్లు ఉండేది కాదు. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే మా వైపున పంట బాగా వచ్చిన ఏడు వెండి కొనడం, ఎండిన ఏడు కుదువ పెట్టడం మామూలే. చట్టం కూడా ఒక మాట అంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం, పుట్టింటివాళ్లు పెట్టినదైనా, అత్తింట్లో వచ్చినదైనా, నగ ఆమెదే, పూర్తి హక్కుతో! "ఇంట్లో వెండి" అని అందరూ అంటారు గాని, అది ఇంటిది కాదు, మీది.

సరే, పెట్టె తెరిచి చూద్దాం. ముందు బరువు. మన పెద్దవాళ్లు "రూపాయెత్తు" అనేవారు, గుర్తుందా? ఇంగ్లీషు రూపాయి బిళ్ల సరిగ్గా ఒక తులం తూగేది, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణాల్లో తులం అంటే పది గ్రాములు. అమ్మమ్మ "నలభై తులాలు" అంటే అది అటూఇటూగా 466 గ్రాములు. దుకాణదారు "నలభై తులాలు" అంటే 400 గ్రాములు. మధ్యలో 66 గ్రాములు! అందుకే తులాల్లో మాట్లాడకండి. గ్రాముల్లో అడగండి, మీ కళ్ల ముందే తూయించండి.

తర్వాత, లోపల ఏముందో చూడాలి. పోత పోసిన కడియం గట్టిగా ఉంటుంది. శీల తీసి తొడుక్కునే రకాల్లో కొన్ని లోపల గుల్లగా ఉంటాయి, వాటిలో లక్క నింపుతారు. లక్క బరువు తీసేయడం న్యాయమే. కానీ ఎంత తీశారో చెప్పి తీయాలి. ఇంకో మాట, లక్క ఉన్న నగను వేడినీళ్లలో మరిగించొద్దు. కరిగి కారిపోతుంది, నగ సొట్టలు పడుతుంది.

ఇక బిళ్లల పేర్లు. నాకు అన్నింటికంటే ఇష్టమైనవి ఇవే! గాంధారి, ఎల్లారెడ్డి వైపు తండాల్లో లంబాడీ అక్కల మెడలో రూపాయి బిళ్లల హారాలు చూసే ఉంటారు. పైకి అన్ని బిళ్లలూ ఒకలాగే మెరుస్తాయి. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కోదానిది ఒక్కో కథ. విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మలున్న రూపాయిల్లో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. అంటే ఒక్కో బిళ్లలో దాదాపు 10.7 గ్రాముల వెండి. యుద్ధం రోజుల్లో, 1940 నుంచి, ఆరో జార్జి రూపాయిలో వెండి సగానికి దించేశారు. 1947లో వచ్చిన రూపాయి అయితే ఉత్త నికెల్, వెండి రవ్వంత కూడా లేదు. కాబట్టి బిళ్ల మీద సంవత్సరం చదవకుండా హారం అమ్మడమంటే కళ్లు మూసుకుని బేరం చేయడమే.

మనది నిజాం ఇలాకా కదా, మన రూపాయే వేరు. హాలీ సిక్కా అనేవారు. నడిమధ్యన చార్మినార్ బొమ్మ ఉంటుంది. బరువు 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. తర్వాత యుద్ధం రోజుల్లో దాన్నీ సగానికి తగ్గించారు. చార్మినార్ నడిమి ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది, అంటే 1911కు ముందుది. 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. ఉర్దూ రాకపోతే పక్కింటి ముస్లిం అక్కను పిలిచి చదివించుకోండి, నేను అట్లాగే నేర్చుకున్నాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చెవి అతికించిన బిళ్లకు నాణేలు సేకరించేవాళ్లు పెద్దగా వెల కట్టరు. దాని విలువ వెండిలో ఉంది, హారంగా ఉంది. బిళ్లలు ఊడదీసి విడివిడిగా అమ్మితే రెండూ పోతాయి.

లంబాడీ నగల సంగతి అనుకున్నాం గనుక... పెళ్లయిన ఆడవాళ్లు చెంపల పక్కన జుట్టుకు వేలాడదీసే గజ్జెల బుట్టల్లాంటివి చూశారా? వాళ్లు టోప్లి, ఘుగ్రి అంటారు. ఇప్పుడు పట్నంలో అదే నమూనాను 'ఆక్సిడైజ్డ్' అని, 'జర్మన్ సిల్వర్' అని అమ్ముతున్నారు. చూడ్డానికి బావుంటాయి, పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ జర్మన్ సిల్వర్‌లో సిల్వర్ పేరులోనే ఉంది. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. నికెల్ పడనివాళ్లకు చెవులు దురదపెట్టి పుండ్లవుతాయి కూడా.

మరి కొత్త వెండి కొనాలంటే? 'స్టెర్లింగ్' అన్నా '925' అన్నా ఒకటే. వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది సాధారణంగా రాగి. ఉత్త వెండి మరీ మెత్తన, వంగిపోతుంది. అందుకే ఆ రాగి. మనం కొనే పట్టీలు చాలావరకు తమిళనాడు సేలం నుంచో, కొల్హాపూర్ పక్కన హుపరి నుంచో వస్తాయి. పనితనం బాగుంటుంది. కానీ ప్రతి గజ్జెకూ ఒక టంకం, ప్రతి టంకానికీ కొంత కల్తీ. అందుకే పట్టీలు తిరిగి ఇచ్చేటప్పుడు సగం మాట టంకం మీదే నడుస్తుంది. కొనేరోజే "తిరిగి ఎంత శాతానికి తీసుకుంటారు?" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ప్రభుత్వ హాల్‌మార్క్ వెండికి 2005 నుంచే ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి బంగారానికి ఉన్నట్టే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు వెండికీ మొదలుపెట్టారు. నగ మీది ఆ గుర్తును ఫోన్లో 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే వివరాలు వచ్చేస్తాయి. ఇది తప్పనిసరి అని కాకుండా ఇష్టాన్నిబట్టి అని మొదలైంది గనుక, అడిగితేనే చూపిస్తారు. అడగండి!

కొత్తవాటిలో నాకు నచ్చినవి కరీంనగర్ తీగ పని నగలు. ఎలగందుల, కరీంనగర్ పనివాళ్ల చేతి విద్య. వెండిని సన్నని తీగలుగా లాగి, రెండేసి పురిపెట్టి, ఆకులుగా, తీగెలుగా వంచి, చట్రంలో అమర్చి అతుకుతారు. ఒకప్పుడు అత్తరుదానులు, పాందానులు, పన్నీరు బుడ్లు చేసేవారు. ఇప్పుడు జుంకాలు, పెండెంట్లు కూడా చేస్తున్నారు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒడిశాలో కటక్ పని కూడా ఇలాంటిదే. హైదరాబాద్ వెళ్లినప్పుడు పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూడండి. 1937లో ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు అక్కడున్నాయి. చూశాక గోల్కొండ హస్తకళల దుకాణంలో ఒక చిన్న జత కమ్మలైనా కొనాలనిపిస్తుంది. తీగ పని నగ తేలిక, పల్చన. ధరలో పనితనమే ఎక్కువ. అందుకే దాన్ని కరిగిస్తే చేతికి వచ్చేది చాలా తక్కువ.

అన్నట్టు, అక్కడికి వెళ్లినప్పుడే పత్తర్‌గట్టీ, చార్మినార్ దగ్గర వెండి ఉంగరాల్లో ఆకాశం రంగు రాయి కనిపిస్తుంది. ఫిరోజా! పాత ఖ్యాతి ఉన్నది ఇరాన్‌లోని నిషాపూర్ గనులది. తుర్కీ మీదుగా యూరప్ చేరింది గనుక ఇంగ్లీషువాళ్లు టర్కాయిస్ అన్నారు. ఈ రాయికి నీలం రంగు రాగి వల్ల వస్తుంది. వెండి పక్కన దీని అందమే వేరు, బంగారంలో కంటే నాకు వెండిలోనే బాగనిపిస్తుంది. కానీ మోసం చాలా. హౌలైట్ అనే తెల్లరాయికి రంగువేసి ఇదే ఫిరోజా అంటారు. గోళ్ల రంగు తుడిచే మందులో దూది ముంచి, రాయి వెనకవైపు ఒకచోట రుద్దితే దూదికి నీలం అంటుకుందా, అది రంగేసిన రాయన్నమాట.

ఈ రాయి గురించి చదువుతుంటే అమెరికాలో నవాజో అనే ఆదివాసుల సంగతి తెలిసింది. అచ్చం మన కథే! వాళ్లూ పాత రోజుల్లో వెండి డాలర్లు కరిగించి నగలు చేసుకునేవారు, ఫిరోజా పొదిగేవారు. చేతిలో డబ్బు లేనప్పుడు ఊరి దుకాణంలో కుదువ పెట్టి సరుకులు తెచ్చుకునేవారు, మళ్లీ విడిపించుకునేవారు. విడిపించుకోలేనివి? మన దగ్గరైతే కొలిమిలోకి పోతాయి. అక్కడ వాటిని 'ఓల్డ్ పాన్' అని పేరుపెట్టి కరిగించకుండా అమ్మారు. ఇవాళ సేకరించేవాళ్లు కొత్త నగ కంటే ఎక్కువ పెట్టి కొంటున్నారు. నకిలీవి ఆదివాసుల పని అని చెప్పి అమ్మకుండా 1990లో చట్టం కూడా ఉంది. మన కడియాలు మాత్రం కిలోల లెక్కన పోతున్నాయి. నాకైతే ఇది మింగుడుపడదు.

డబ్బు అవసరం నిజంగా ఉంటే? అమ్మడం ఒక్కటే దారి కాదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన నియమాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా చెప్పింది. వాటి ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వెండి నగల మీద కూడా అప్పు ఇవ్వొచ్చు. ఒకరికి నగలైతే పది కిలోల దాకా, నాణేలైతే 500 గ్రాముల దాకా. రెండున్నర లక్షల లోపు అప్పుకు వెండి విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగలు తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్లే ఆలస్యమైతే రోజుకు ఐదు వేల రూపాయలు మీకు కట్టాలి! ఇవ్వొచ్చు అన్నారు గాని ఇచ్చితీరాలి అనలేదు, కాబట్టి మీ బ్యాంకులో ముందు కనుక్కోండి. వెల కట్టేటప్పుడు మీరు అక్కడే ఉండండి, రాళ్ల బరువు ఎంత తీశారో కాగితం మీద తీసుకోండి.

నిజంగా అమ్మదలిస్తే కూడా, జతలో ఒకటన్నా ఉంచుకోండి. లేదా ఫోటో తీసి, ఎవరిది, ఎవరు పెట్టారు, బరువెంత అని ఒక చీటీ రాసి పెట్టెలో వేయండి. నేను నా పెట్టెలో ప్రతి నగకూ ఒక చీటీ పెట్టాను. మా అత్తమ్మ చెబుతుంటే రాసినవి. "ఇది పుట్టింటిది, ఇది మొదటి వరికోత డబ్బుతో" అని ఆమె చెబుతుంటే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి విన్నది!

కడగడం గురించి అడుగుతుంటారు కదా. రోజూ వేసుకునే పట్టీలకు కుంకుడురసం, మెత్తని పాత బ్రష్షు చాలు. మరీ నల్లబడితే గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, దాని మీద నగ పెట్టి, వంటసోడా వేసిన వేడినీళ్లు పోయండి. నలుపు అంటే గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన పొర. అది రేకుకు పోతుంది. రాళ్లు ఉన్నవి, లక్క ఉన్నవి, కావాలని నలుపు పెట్టినవి మాత్రం అందులో వేయొద్దు. పాత కడియాల చెక్కుడులో ఉన్న నలుపును అలాగే ఉంచండి, పువ్వులు అందులోనే తేలి కనిపిస్తాయి. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. ఫిరోజా ఉంగరం తలకు నూనె రాసేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు, సెంటు కొట్టుకునేటప్పుడు తీసేయాలి. ఆ రాయి నూనెనూ సబ్బునూ పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది.

దాచేటప్పుడు పాత నూలు చీర ముక్కలో చుట్టి, రెండు సుద్దముక్కలు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. ఉన్ని బట్టలో వద్దు. రబ్బరు బ్యాండు అసలు వేయొద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, అది చుట్టిన చోటల్లా నల్లని గీత పడుతుంది.